ఒకే చెట్టు నీడన వేల ఎకరాలు

నూజివీడు దారిలోనో జగిత్యాల పక్కనో వంద ఎకరాల బంగినపల్లి తోట గట్టున నిలబడితే ఎకరానికి నలభై చొప్పున నాలుగు వేల చెట్లు కనిపిస్తాయి. కంటికి అవి నాలుగు వేలు. జన్యువుల లెక్కలో ఒక్కటే చెట్టు. ఎన్నో తరాల కిందట ఎక్కడో టెంక నుంచి తనంతట మొలిచిన ఒక మామిడి రుచి ఎవరికో నచ్చింది. దాని పుల్ల తెచ్చి అంటు కట్టారు. ఆ అంటు నుంచి మరొకటి, దాని నుంచి ఇంకొకటి. రాయలసీమ నుంచి ఆదిలాబాద్ దాకా ఇవాళ లక్షల చెట్లుగా నిలిచింది ఆనాటి ఆ ఒక్క మొక్కే.

రైతుకు ఇందులో లాభం ఉంది. నాటిన ప్రతి మొక్కా ఒకే రుచి, ఒకే సైజు, ఒకే ధర తెస్తుంది. ముప్పు కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఒక చెట్టును లొంగదీసుకోగలిగిన తెగులు నాలుగు వేలనూ లొంగదీసుకుంటుంది. పూత వేళ పొగమంచుకు ఒకటి తట్టుకోలేకపోతే ఏదీ తట్టుకోలేదు. పండ్లతోటలు ఎన్ని ఎకరాలకు విస్తరించాయో ఏటా లెక్కలు చెప్పుకుంటున్నాం. ఆ ఎకరాల లోపల వైవిధ్యం ఎంత మిగిలిందో చెప్పే లెక్క ఏ నివేదికలోనూ ముందు పేజీకి రావడం లేదు. ఆ లెక్క తీసే సాధనం లేకపోతే సరిపెట్టుకోవచ్చు. ఉండి కూడా ప్రయోగశాల గడప దాటించకపోవడం నిర్లక్ష్యం.

మామిడిలో కంటితో చూసి వైవిధ్యాన్ని అంచనా వేయడం నమ్మదగిన పని కాదు. నేల మారితే రంగు మారుతుంది, నీటి తడి మారితే సైజు మారుతుంది. పేర్లు ఇంకా మోసం. చిత్తూరు రైతు బేనిషా అన్నా, హైదరాబాద్ వ్యాపారి సఫేదా అన్నా అది బంగినపల్లే. కలెక్టర్, తోతాపురి, బెంగళూరా ఒకే కాయ. హిమాయత్, ఇమాంపసంద్ ఒకే పండు. మరోవైపు, ఊరూరా 'పీచు మామిడి' అనో 'పుల్ల మామిడి' అనో ఒకే మాటతో తీసిపారేసే చెట్లు దేనికది వేరు. పేర్లు లెక్కపెట్టుకుంటూ పోతే లేని సంపదను ఉందనుకుంటాం, ఉన్న సంపదను లేదనుకుంటాం.

ఈ చిక్కు విప్పేదే డీఎన్‌ఏ మార్కర్, అంటే జన్యు గుర్తు. పని మొదలయ్యేది ఒక లేత ఆకుతో. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మెత్తగా నూరుతారు. మామిడి ఆకులో వగరూ జిగురూ ఎక్కువ. వాటిని వదిలించి డీఎన్‌ఏను శుభ్రంగా వేరు చేయడమే సగం శ్రమ. డీఎన్‌ఏ నాలుగే అక్షరాల లిపి. ఆ రాతలో అక్కడక్కడ రెండు మూడు అక్షరాలు నత్తి వచ్చినట్టు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక చెట్టులో ఆ నత్తి పన్నెండుసార్లు ఉంటే మరో చెట్టులో అదే చోట పదిహేనుసార్లు ఉంటుంది. ఆ ముక్కను యంత్రంలో కోట్ల ప్రతులుగా పెంచి, జెల్ పలక మీద పోసి కరెంటు పారిస్తారు. చిన్న ముక్క ముందుకు పరుగెడుతుంది, పెద్ద ముక్క వెనకబడుతుంది. రెండూ గీతలుగా ఆగిపోతాయి. ఇలా పది ఇరవై చోట్ల గీతలు పోల్చితే ఏ రెండు చెట్లు ఒకటే, ఏవి తల్లీబిడ్డలు, ఏవి ఒకదానికొకటి పరాయివో తేలిపోతుంది. కోర్టుల్లో బిడ్డకు తండ్రి ఎవరో తేల్చేది కూడా ఈ సూత్రమే. ఇప్పుడు ఒక్క అక్షరం తేడానూ పట్టుకునే స్నిప్ పరీక్షలు వచ్చాయి. 2020లో అల్ఫోన్సో రకం జన్యుపటం ప్రచురితమయ్యాక మామిడిలో వేల చోట్ల ఒకేసారి పోల్చి చూసే వీలు కలిగింది.

ఈ పరీక్ష తోటలకు పట్టిన అద్దం. అందులో కనబడినవి చాలాచోట్ల కలవరపెట్టే సంగతులే.

నారింజ జాతినే తీసుకోండి. మన బత్తాయి (సీమలో చీనీ అంటారు), మోసంబి, అమెరికావారి వాలెన్సియా, నాభి నారింజ, ఎర్ర గుజ్జు నారింజ. అంగట్లో ఎన్నో పేర్లు, ఎన్నో రుచులు. జన్యు గుర్తుల దగ్గరకు వచ్చేసరికి వీటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడమే కష్టమైంది. పంపరపనస, కమలా జాతుల కలయికతో ఎప్పుడో పుట్టిన సంకర వంశం ఇది. ఆ తర్వాత కొమ్మల్లో తలెత్తిన చిన్న చిన్న మార్పులను అంటుకట్టి కొత్త రకాలుగా పిలుచుకున్నారు. తోలు మారింది, లోపలి మనిషి మారలేదు.

మామిడికీ ఇలాంటి కథ ఉంది. ఫ్లోరిడాకు 1889లో భారత్ నుంచి మల్గోబా మొక్కలు వెళ్లాయి. మల్గోబా టెంక నుంచి హేడెన్, హేడెన్ వంశంలో మరెన్నో రకాలు పుట్టాయి. ఎర్రగా మెరిసే ఆ పండ్లే ఇవాళ అంతర్జాతీయ ఎగుమతి మార్కెట్‌ను ఏలుతున్నాయి. 2006లో అక్కడి శాస్త్రవేత్తలు మైక్రోశాటిలైట్ గుర్తులతో, అంటే పైన చెప్పిన 'నత్తి' అక్షరాలతో, వాటి వంశవృక్షం గీసి చూశారు. ఫ్లోరిడా రకాల్లో ఎక్కువ భాగం కేవలం నాలుగు భారతీయ మామిళ్లు, టర్పెంటైన్ అనే మరో రకం నుంచి దిగినవేనని తేలింది. దేశదేశాల తోటలు నిండిన ఆ పండ్ల కుటుంబానికి పునాది ఒక చేతి వేళ్లపై లెక్కించేటంత.

పునాది ఇరుకైతే ఏమవుతుందో కూడా ఫ్లోరిడాయే చూపించింది. అక్కడ నారింజలో గ్రీనింగ్ తెగులు 2005లో బయటపడింది. సిల్లిడ్ అనే చిన్న పురుగు రసం పీలుస్తూ దీన్ని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మోస్తుంది. ఆకు పాలిపోతుంది, కాయ పచ్చగానే రాలిపోతుంది, చెట్టు కొన్నేళ్లలో ఎండిపోతుంది. 2003-04లో 24.2 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రం 2024-25 నాటికి దాదాపు 1.2 కోట్ల పెట్టెలకు దిగజారింది. తుపాన్లు, స్థలాల బేరాలు కూడా తలా ఒక చేయి వేశాయి. కానీ మూలం తెగులే. డబ్బుకు, పరిశోధనకు కొదవలేని చోట ఇరవై ఏళ్లుగా తట్టుకునే రకం కోసం వెతుకుతూనే ఉన్నారు. తోటల్లో ఉన్నదంతా ఒకే వంశమైనప్పుడు తట్టుకునే చెట్టు తోటలో దొరకదు, బయట వెతుక్కోవాలి. గ్రీనింగ్ మనకు కొత్త తెగులు కాదు. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులు దాని పేరు ఎరుగుదురు.

అరటిది ఇంకా పాత పాఠం. మధ్య అమెరికాలో గ్రో మిషెల్ అనే ఒక్క రకాన్ని నమ్ముకుని వేల ఎకరాలు వేశారు. మట్టిలోని శిలీంధ్రం తెచ్చిన పనామా ఎండుతెగులు ఆ రకాన్ని 1950లు, 60ల నాటికి వ్యాపార పటం నుంచి తుడిచేసింది. దాని స్థానంలో కావెండిష్ వచ్చింది. ఇప్పుడు అదే తెగులు కొత్త రూపంలో కావెండిష్ వెంట పడింది. 2019లో కొలంబియా అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. మన దేశంలో బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో అది ఇప్పటికే కనిపించింది. అనంతపురం, కడప జిల్లాల్లో టిష్యూకల్చర్ మొక్కలతో పరిచిన గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ కుటుంబమే. తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు రైళ్లలో వెళ్లే గెలలవి. అదే సమయంలో గోదావరి లంకల్లో అమృతపాణి ఎందుకు తగ్గిపోయిందని ఏ పెద్ద రైతునడిగినా పనామా తెగులు పేరే చెబుతారు. హెచ్చరిక ఇంటి గుమ్మంలో ఉండగా కొలంబియా దాకా పోనక్కర్లేదు.

మామిడి పెద్ద చెట్టు, గట్టి చెట్టు, దానికేమవుతుందన్న ధీమా ఉంది. ఒమన్‌లోని బాతినా తీరంలో 1998 నుంచి మామిడి చెట్లు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. బెరడు తొలిచే చిన్న పురుగు వెంట వచ్చిన శిలీంధ్రం చెట్టును నిలువునా చంపేస్తుంది. పాకిస్థాన్ తోటల్లోనూ ఇదే కనిపించింది. అరేబియా సముద్రం మనకు అంత పెద్ద అడ్డేమీ కాదు.

ఇక మన ఇంటి సంగతి. ప్రపంచంలో పండే మామిడిలో దాదాపు 40 శాతం భారత్‌దే. దేశంలో వెయ్యి దాకా రకాలున్నాయని అంటారు. తెలుగు నేల వాటా చిన్నదేం కాదు. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, పండూరు మామిడి, జలాలు, తెల్లగులాబి, నీలం, హిమాయత్. వీటిలో ప్రతిదానికీ ఒక ఊరు, ఒక నెల, ఒక వంట ఉన్నాయి. ఆవకాయకు ఏ కాయ కొట్టాలో, మాగాయకు ఏది తరగాలో, తాండ్రకు ఏది పిండాలో చెప్పగలిగిన ఇల్లాళ్లే ఈ వైవిధ్యానికి అసలు కాపలాదారులు. ఇప్పుడు ఆ జాబితా బజారులో ఎంత మిగిలింది? ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్‌లో లారీలు దించుతుంటే చూడండి. ఒక వరుస బంగినపల్లి, దాని పక్కన మరో వరుస బంగినపల్లి. మిగతావన్నీ కలిపి ఓ మూల 'నాటు' అనే ఒక్క మాట కింద.

తప్పు బంగినపల్లిది కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన పండు అది, అందుకు అర్హమైనదే. తప్పు విధానంలో ఉంది. రాయితీ మొక్కలు, శిక్షణ, ఎగుమతి ప్రణాళిక ఎక్కువగా ఆ రకం చుట్టూనే. చిత్తూరులో అదే మాట తోతాపురికి వర్తిస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీలు కొంటాయన్న ఒక్క ఆశపై జిల్లాకు జిల్లా దాదాపు ఒకే కాయ వేసింది. 2025లో ఫ్యాక్టరీలు వెనకడుగు వేసేసరికి ట్రాక్టర్లు రోడ్ల మీద బారులు తీరాయి. చివరకు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని చెప్పి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తాను భరిస్తానని ప్రకటించాల్సి వచ్చింది. అది తెగులు కాదు, ధర మాత్రమే. ధర మరుసటి ఏడాదికి కోలుకోవచ్చు. ఎండిన తోట మరుసటి ఏడాదికి లేచి నిలబడదు. ఒకే రకంపై జిల్లా మొత్తాన్ని నిలబెట్టడం ఎంత ప్రమాదమో ఆ వేసవి ఒక చిన్న నమూనా చూపించింది.

ఇంతకన్నా లోతైన నష్టం ఎవరి కంటా పడకుండా జరుగుతోంది. అది పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, గుడి వెనక, పాత ఇంటి పెరట్లో ఉన్న టెంక చెట్ల నరికివేత. వీటిని రైతు నాటలేదు, అంటు కట్టలేదు. తిని పారేసిన టెంక మొలిచింది. మన మామిళ్లలో చాలావరకు టెంకకు ఒకే మొలక వస్తుంది. ఆ మొలకకు తల్లి ఒకటి, పుప్పొడి ఇచ్చిన తండ్రి మరొకటి. అందుకే ప్రతి టెంక చెట్టూ ఇంతకుముందు లోకంలో లేని కొత్త చెట్టు. నూటికి తొంభై తొమ్మిది పుల్లగానో పీచుగానో ఉండొచ్చు. ఆ మిగిలిన ఒక్కటే బంగినపల్లి అయింది, చిన్నరసం అయింది, కొత్తపల్లి కొబ్బరి అయింది. మనం ఇవాళ గర్వంగా చెప్పుకునే పేర్లన్నీ ఒకనాటి అనామక టెంక చెట్లే. అంటు అనేది ఉన్నదాన్ని కాపీ తీస్తుంది. కొత్తది పుట్టేది టెంకలోనే.

ఆ పురిటిగదిని మనం మూసేస్తున్నాం. రోడ్డు వెడల్పు చేయాలంటే మొదట పోయేది వందేళ్ల నాటు మామిడి. వెంచర్ వేయాలంటే, ఆయిల్‌పామ్ వేయాలంటే, బోరు వేసి మక్క వేయాలంటే గట్టు మీది పెద్ద చెట్టు అడ్డం. కట్టెల అడితిలో దాన్ని సెంట్రింగ్ చెక్కగానో, పెట్టెల పలకగానో కోసేస్తారు. దాని రుచి ఏమిటో, పూత ఏ నెలలోనో, ఎన్ని కరువులు చూసిందో ఎక్కడా రాసి ఉండదు. ఒక గ్రంథాలయంలో పుస్తకాన్ని చదవకుండానే చిత్తుకాగితాల బండికి వేయడం లాంటిదిది.

మరో నష్టం నేల కింద ఉంది. అంటు మొక్కలో పై సగమే బంగినపల్లి. కింది సగం, అంటే వేరు, టెంక నుంచి వచ్చిన నాటు మొక్క. కరువును, ఉప్పు నేలను, వేరుకుళ్లును తట్టుకోవాల్సింది ఆ సగమే. ఊరి చెట్ల కింద ఏరిన రకరకాల టెంకలు నర్సరీలకు చేరినంత కాలం తెలియకుండానే తోటల వేళ్లలో కొంత వైవిధ్యం ఉండేది. నాటు చెట్లు పోయి టెంకలన్నీ గుజ్జు ఫ్యాక్టరీల గుట్టల నుంచే వస్తే ఆ ఆసరా కూడా పోతుంది.

విత్తన బ్యాంకులున్నాయి కదా అనే వారుంటారు. వరి గింజను ఎండబెట్టి చల్లటి గదిలో దశాబ్దాలు దాచవచ్చు. మామిడి టెంకను ఎండబెడితే లోపలి జీడి చచ్చిపోతుంది. అందుకే మామిడికి బ్యాంకు అంటే బతికి ఉన్న తోటే. లక్నోలోని కేంద్ర ఉప ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థలో, మన సంగారెడ్డి, నూజివీడు, అనంతరాజుపేట పరిశోధనా స్థానాల్లో ఉన్న సేకరణలు అలాంటివే. వాటికి నీళ్లు కావాలి, కాపలా కావాలి, కూలీలు కావాలి. బోరు ఎండినా, తుపాను వచ్చినా, ఆ భూమిపై మరో శాఖ కన్ను పడినా బ్యాంకు దివాలానే. 2018లో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని ఏం చేసిందో శ్రీకాకుళం మరిచిపోలేదు. ఒకే చోట ఉంచిన చెట్టు ఒక గాలివాన దూరంలో ఉన్నట్టే.

జన్యు గుర్తులు ఈ రోగానికి మందు కాదనీ చెప్పుకోవాలి. అవి లెక్క చెబుతాయి, చెట్టును కాపాడవు. రెండు చెట్లు వేరని చెప్పగలవు; ఏది తెగులును తట్టుకుంటుందో చాలా గుర్తులు చెప్పలేవు. పైగా పరిశోధకుడికి అందుబాటులో ఉన్నది పరిశోధనా స్థానంలోని తోట కాబట్టి నమూనాలూ ఎక్కువగా అక్కడివే. అక్కడ ఇప్పటికే ఎవరో మెచ్చి తెచ్చిన చెట్లే ఉంటాయి. గట్టు మీది అనామక చెట్టు ఆ లెక్కలోకి రాదు. అలా తీసిన లెక్కలో వైవిధ్యం బాగానే ఉందని తేలితే అది ఊళ్ల సంగతి అనుకుని నిశ్చింతగా పడుకోవడం అసలు ప్రమాదం. థీసిస్‌లో భద్రంగా ఉన్న రకం నేల మీద ఉందో లేదో ఎవరూ వెళ్లి చూడరు.

చేయాల్సిన పనులు ఖరీదైనవి కావు, వాయిదా వేయదగినవీ కావు. మొదటిది సర్వే. రెండు రాష్ట్రాల ఉద్యాన విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ కళాశాలల విద్యార్థులు కాపు కాలంలో మండలాల వారీగా పాత టెంక చెట్లను గుర్తించాలి. ఆకు, ఫొటో, ఊరివాళ్లు చెప్పే పేరు, రుచి, వాడకం కలిపి నమోదు చేయాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండనే ఉంది. అందులో 'మామిడి' అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకోకుండా చెట్టు చెట్టుకూ ఒక వరుస కేటాయించాలి.

రెండోది నర్సరీలు. చిన్నరసం అని కొన్న మొక్క నాలుగైదేళ్లు పోషించాక మరో కాయ కాస్తే రైతు ఎవరిని అడగాలి? నర్సరీల్లోని తల్లిచెట్లకు జన్యు ముద్ర తీసి, ఆ ముద్ర ఉన్నవాటి పుల్లలే అమ్మాలన్న నిబంధన పెట్టాలి. రైతుకు మోసం తప్పుతుంది, రకానికి కల్తీ తప్పుతుంది.

మూడోది హక్కు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లోనే వచ్చింది. రైతు తన దగ్గరున్న రకాన్ని తన పేరున నమోదు చేసుకునే వీలు అందులో ఉంది. పెరట్లో అరుదైన చెట్టున్న రైతుకు ఆ సంగతి చెప్పి దరఖాస్తు నింపి పెట్టేవాళ్లు మండలానికి ఒకరైనా ఉండాలి. ఆకు పట్టుకుపోయి ఊరికి ఏమీ మిగల్చని పరిశోధనకు ఊరు తలుపు తీయదు, తీయనక్కర్లేదు కూడా.

నాలుగోది డబ్బు. గట్టు మీది చెట్టును నరికితే అడితి డబ్బిస్తుంది, ఉంచితే ఎవరూ ఇవ్వరు. ఈ లెక్క మారకపోతే ఉపన్యాసాలు చెట్టును నిలబెట్టవు. నమోదైన చెట్టును కాపాడే కుటుంబానికి ఏటా కొంత మొత్తం ఇవ్వడం రాయితీ మొక్కల బడ్జెట్‌లో చిన్న గీత. కొత్త తోటలకు ఇచ్చే రాయితీలో కూడా ఒకే రకం వేసేవారికన్నా నాలుగైదు రకాలు కలిపి వేసేవారికి ఎక్కువ దక్కాలి. ఎకరాల లక్ష్యం పూర్తయిందా అని అడిగే సమీక్షా సమావేశంలో ఎన్ని రకాలు అని కూడా ఒక ప్రశ్న రావాలి.

కొనేవారికీ ఇందులో వాటా ఉంది. ఈ వేసవిలో బంగినపల్లితోపాటు ఒక డజను చెరుకురసాలో, కొత్తపల్లి కొబ్బరో అడిగి కొనండి. అడిగేవాళ్లుంటేనే వ్యాపారి తెస్తాడు, తెచ్చేవాడుంటేనే రైతు ఉంచుతాడు.

టెంక నాటితే కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు, దాని గుణం తేలడానికి ఒక తరం పడుతుంది. రంపంతో కోయడానికి ఒక పూట చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఈ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. పరీక్షకు కావాల్సింది ఒక్క ఆకే, కానీ అది బతికున్న చెట్టు నుంచి కోయాలి.